కైఫీయతులలోని వీరులు



మీ మనుమలు చదువు బొమ్మల కథల పుస్తకములను మీరు చూచియే యుందురు. ఒకే యట్టలో పలువురు వీరులు, పలువురు వ్రాతగాండ్రు. ఒక కథ చదివించును. దాని ప్రక్కది నిద్ర తెప్పించును. 1938లో అమెరికాలో వెలువడిన యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో పదికి మించిన శీర్షికలుండగా, అందలి సూపర్‌మాన్ కథయే లోకమంతట వ్యాపించినది. ఇట్టి హెచ్చుతగ్గుల సంపుటము మన సీమకు అంతకు నూఱేండ్లకు మునుపే కలదు. దానినే మెకంజీ కైఫీయతులందురు.

దత్తమండలములు 1800లో నిజామువలన కుంఫిణీవారికి సంక్రమించినవి. అప్పుడు దేశమును కొలిచి పటములు వ్రాయించిన కాలిన్ మెకంజీ దొర, ఊరూరి చరిత్రమును సేకరింప బూనెను. ఆయనకు కుడిభుజమైన కావలి బొఱ్ఱయ్య 1803లో గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తుకొనెను. వారి మనుష్యులు ఊరికి వచ్చి యడుగగా, కరణములు తమ దండకవిలెలను చూచి ఊరిపేరు, గుళ్లు, ఏలిన దొరలు, చెరువులు, ఇనాములు వ్రాయించిరి. భాష మనము మాటాడునదే. నడుమ నడుమ హిందూస్థానీ మాటలు దొరలును. మెకంజీ 1821లో మరణించెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర, పిమ్మట ఈ కాగితములకు ప్రతులు వ్రాయించెను. కడప జిల్లాకు చెందినవి ఆయన పేరిట వెలసిన కడపలోని కేంద్రమువారి పూనికతో అచ్చయినవి.

వీనిని వరుసగా చదువబోయినవాడు తప్పక విసుగు చెందును. ఒక ఊరి వ్రాత త్రేతాయుగమున శ్రీరాముని లింగప్రతిష్ఠతో మొదలై, జనమేజయుని దానమును దాటి, ఒక్క దుముకున విజయనగరమునకు వచ్చును. వేఱొకటి ఇనాముల పట్టికతో ముగియును. మఱియొకచోట కుందేలు వేటకుక్కలను తఱిమిన తావున కోట వెలయును. ఈ కుందేలు విజయనగర గాథలోనిదే. దక్కనులో నది పరుగెత్తని కోటలు తక్కువ!

ఈ యెగుడుదిగుళ్లకు కరణముల తెలివితక్కువను కారణముగా నేనెంచను. దండులు నడచిన సీమ ఇది. కవిలెకట్ట కాలిపోయినచో కరణమునకు మిగులునది విన్నమాటయే. విన్నమాటలో వీరుడు పెరుగును. మఱియు మన్రో దొర వచ్చునాటికి ఈ మండలములలో దాదాపు 80 మంది పాళెగాండ్రుండిరి. ఆయన వారి నణచెను. కుంఫిణీవా రినాములకు ఆధారములడుగు నా దినములలో, తన దొర పూర్వులను పొగడి వ్రాసిన కరణము స్వప్రయోజనము నెఱుగడనుకొనుట కష్టము. నా మట్టుకు, చెరువు తెగిన సంగతియు, ఊరు పాడుపడి మరల కుదిరిన సంగతియు చెప్పిన వ్రాతలే మేలైనవి. అందు వీరుడు రెండు పంక్తులలో వచ్చి పోవును.

గండికోటను చూడుడు. పెమ్మసానివారి కోట మీర్ జుమ్లాకు చిక్కినది. పొదిలి లింగన్న ద్రోహమువలనను, చినతిమ్మానాయనికి పెట్టిన విషమువలనను కోట పోయినదని మనవారి గాథ. 1652లో రత్నములమ్ముటకై అక్కడికి వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు వేఱుగా వ్రాసెను. మీర్ జుమ్లా కొలువున ఐరోపా ఫిరంగివాండ్రుండిరట. గుళ్లలోని రాగి విగ్రహములను కరగించి ఫిరంగులు పోయించుచుండెనట. గండికోట గుడిలోని ఆఱు విగ్రహములు మాత్రము ఎంత చేసినను కరగలేదట! లెక్కలు తెలిసిన వర్తకుని వ్రాతలోను ఇట్టి వింత యొకటి దూఱినది గదా. మన గాథలో ఫిరంగుల చప్పుడు వినబడదు. వీరుడు బలమున ఓడెనని చెప్పుటకు పాడువారికి నోరురాదు; అందుచేత ఒక ద్రోహి కావలసివచ్చును. లింగన్న ద్రోహము చేయలేదని నేననను. ఫిరంగులు, ద్రోహము రెండును కలసియే కోట నీడ్చియుండవచ్చును.

ఆ కోటలో నేడును మాధవరాయని గుడి, మసీదు, ధాన్యపుకొట్టు నిలిచియున్నవి. కొట్టును చూచినప్పుడెల్ల నాకు ఈ యినాముల పట్టికలే స్ఫురించును. వీరగాథ వినువారు దాటివేయు పుటలవి. ఏ చేను ఎవరిదో, ఏ చెరువుక్రింద ఏమి పండెనో తెలియగోరినచో, ఆ పుటలనే విప్పవలయును.