కల్లు లొట్టి, బీడీ కట్ట

పూర్వులు చెప్పిన సప్తవ్యసనాలలో పానం ఉన్నది, పొగ లేదు. ఉండడానికి వీలు లేదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడల వెంట దక్కనుకు వచ్చింది. 1604-05 ప్రాంతంలో అసద్ బేగ్ బీజాపురం నుండి అక్బరు కొలువుకు దానిని వింతవస్తువుగా తీసుకొని వెళ్ళాడు. అలా ఆలస్యంగా వచ్చిన అతిథి పానం పక్కనే చాప పరచుకొని కూర్చున్నది.

2016లో వేర్వేరు జిల్లాలైన మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఈ జంట వేళ్ళు రెండూ కనిపిస్తాయి. జనగామ వైపు తాటిచెట్టు. ఖిలాషాపురంలో కోట కట్టి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మొఘలుల చేత హతుడైన సర్వాయి పాపన్న గీతవృత్తి కులంవాడే. నిజాముల ఖజానాకు ఆబ్కారీ ముఖ్యమైన ఆదాయాలలో ఒకటి. ఇక మహబూబాబాద్, భూపాలపల్లి అడవులలో తునికిచెట్టు. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం కూడా ప్రభుత్వాధీనమైనది. వేసవిలో ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పగిస్తారు. ఆ ఆకే బీడీగా మారి మండువకు చేరుతుంది.

రెండు గుక్కలు దిగగానే తాగేవాని చేయి బీడీ కోసం జేబు తడుముతుంది. దానిని బుద్ధిలోపమని బడిలో పాఠం చెప్పినవాణ్ణే నేను. శరీరధర్మం వేరు. మద్యం మందకొడితనం తెస్తుంది, నికోటిన్ చురుకు పుట్టిస్తుంది. మత్తు కొంత మరుగున పడేసరికి మరొక లొట్టి దిగుతుంది. మెదడులో రెండూ డోపమైన్ మార్గాన్నే తడతాయి. ఏళ్ళ తరబడి కలిసి సాగిన తరువాత ఒకదాని వాసనే రెండవదానికి పిలుపు అవుతుంది. నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు కూడా రెండూ కలిసినప్పుడు కూడికతో ఆగదు, హెచ్చవేతగా పెరుగుతుంది.

దూబగుంట స్త్రీలు 1992లో రగిల్చిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ స్త్రీల పోరాటం సామాన్యమైనది కాదు. కానీ చట్టం సీసానే చూచింది. బీడీ చేతిలోనే ఉండిపోయింది. వైద్యులు సైతం చాలాకాలం, ముందు తాగుడు మాననీ, పొగ సంగతి తరువాత చూద్దామనేవారు. రెండూ కలిపి మానడం తాగుడు మానడానికి అడ్డు కాదనీ, తోడ్పడవచ్చుననీ తరువాతి పరిశోధనలు చెప్పాయి.

నా పూర్వవిద్యార్థి ఒకడు పిల్లల మీద ఒట్టు పెట్టుకొని తాగుడు మానాడు. బీడీ సంగతి అడిగితే, "ఇదొక్కటన్న ఉండనీయి సారూ" అన్నాడు. నేను సరేనన్నాను. ఆరునెలలకు మండువ ముందర బీడీ కాలుస్తూ కనిపించాడు. ఇంకా లోపలికి వెళ్ళలేదు.