ఫోన్ రూటింగ్: కంపెనీ యాప్స్ తీసేయాలంటే రూట్ చేయాల్సిందేనా? వారంటీ పోకుండా ఉండే దారులివే..

టెలికాం కంపెనీ పేరుతో వచ్చే ఫోన్ చవగ్గా దొరుకుతుంది. కానీ ఆన్ చేయగానే అడగని యాప్స్ వరుసగా కనిపిస్తాయి. కొన్నాళ్లకు స్టోరేజ్ నిండిపోతుంది, ఫోన్ స్లో అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘రూట్ చేసెయ్, అన్నీ పోతాయి’ అని సలహా ఇస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డుల్లో, మెకానిక్ షాపుల్లో పనిచేసేవాళ్లకు ఫోనే జీవనాధారం. స్పేర్ పార్ట్ ఫొటో పంపేది, కూలి డబ్బులు యూపీఐలో తీసుకునేది అందులోనే. అందుకే రూట్ చేసే ముందు ఏం వస్తుందో, ఏం పోతుందో తెలుసుకోవాలి.

టెలికాం కంపెనీల ఫోన్లు ఏవి?

మన దేశంలో రిలయన్స్ 2016లో లైఫ్ బ్రాండ్ ఫోన్లు తెచ్చింది. 2017 అక్టోబర్‌లో ఎయిర్‌టెల్, కార్బన్‌తో కలిసి ఏ40 ఇండియన్ ఫోన్ ఆఫర్ ప్రకటించింది. ముందు రూ.2,899 కట్టి, నెలనెలా రూ.169 రీఛార్జ్ చేస్తూ పోతే 36 నెలల్లో రూ.1,500 వెనక్కి ఇస్తామంది. 2021 దీపావళికి జియోఫోన్ నెక్స్ట్ రూ.6,499కి వచ్చింది. ఇందులో గూగుల్‌తో కలిసి తయారుచేసిన ప్రగతి ఓఎస్ ఉంటుంది.

ఇంకో రకం ఫోన్లు కూడా కృష్ణా జిల్లాలో కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లలు, బంధువులు పంపే ఫోన్లు అవి. వాటిలో కొన్ని అక్కడి నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉంటాయి.

అసలు రూటింగ్ అంటే ఏంటి?

ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ ఫైల్స్‌ను మార్చే అధికారం మామూలు యూజర్‌కు ఉండదు. ఆ పూర్తి అధికారం తీసుకోవడమే రూటింగ్. దీనికి ముందు బూట్‌లోడర్ లాక్ తీయాలి. అది తీయగానే ఫోన్‌లోని ఫొటోలు, కాంటాక్ట్స్, చాట్స్ అన్నీ చెరిగిపోతాయి.

అన్ని ఫోన్లకూ ఈ లాక్ తీసే అవకాశం ఉండదు. గూగుల్ నేరుగా అమ్మే పిక్సెల్‌లో తీయొచ్చు. అదే పిక్సెల్‌ను అమెరికాలో వెరిజాన్ దగ్గర కొంటే ఆ ఆప్షన్ పనిచేయదు. ఇక సిమ్ లాక్ వేరు, బూట్‌లోడర్ లాక్ వేరు. రూట్ చేసినంత మాత్రాన వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. అమెరికా ఫోన్ అయితే, అక్కడున్నప్పుడే నెట్‌వర్క్ కంపెనీతో అన్‌లాక్ చేయించి పంపమనడం మేలు.

రూట్ చేస్తే స్టోరేజ్ పెరుగుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. ముందే ఇన్‌స్టాల్ అయి వచ్చిన యాప్స్ ఎక్కువగా సిస్టమ్ విభాగంలో ఉంటాయి. ఫొటోలు, వీడియోలు ఉండేది వేరే విభాగంలో. రూట్ చేసి సిస్టమ్ యాప్ తీసేసినా, ఆ ఖాళీ ఫొటోలకు కలవదు. నిజంగా చోటు తినేది ఆ యాప్స్ అప్‌డేట్లు, అవి పోగేసుకునే డేటా. వాటిని తీయడానికి రూట్ అక్కర్లేదు.

వారంటీ పోకుండా చేసుకునే పనులు

* సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, అక్కర్లేని యాప్‌కు ముందు ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’, తర్వాత ‘డిసేబుల్’ నొక్కాలి. ఇక అది కనిపించదు, బ్యాక్‌గ్రౌండ్‌లో నడవదు. కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.
* డిసేబుల్ ఆప్షన్ లేని యాప్స్‌కు కంప్యూటర్ కావాలి. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, గూగుల్ ఇచ్చే ఏడీబీ టూల్‌తో ఆ యూజర్ వరకు యాప్‌ను తీసేయొచ్చు. అసలు ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగి వచ్చేస్తుంది. బూట్‌లోడర్‌ను ముట్టుకోం కాబట్టి లాక్ అలాగే ఉంటుంది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

ఏ యాప్స్ ఉంచుకోవాలి?

పేరు తెలియని ప్రతి యాప్ చెత్త కాదు. ప్లే సర్వీసెస్, వెబ్‌వ్యూ, ఫోన్, మెసేజెస్, సిమ్‌కు సంబంధించినవి కదిలించొద్దు. ముఖ్యంగా వోల్టీ కాల్స్ నడిపే ఐఎంఎస్ సర్వీస్. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్ లేదు. ఐఎంఎస్ పోతే జియో సిమ్‌లో మామూలు కాల్స్ ఆగిపోతాయి. మైజియో, ఎయిర్‌టెల్ థాంక్స్ లాంటివి రీఛార్జ్, డేటా చూసుకోవడానికి పనికొస్తాయి. అనుమానం ఉంటే ఒక్కో యాప్ చొప్పున ఆపి, ఒక రోజు వాడి చూసి తర్వాతి దానికి వెళ్లాలి.

అయినా రూట్ చేయాలనుకుంటే..

ఇప్పుడు ఎక్కువగా వాడేది మ్యాజిస్క్. 2016లో వచ్చిన ఈ టూల్ సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోదు, బూట్ ఇమేజ్‌ను మాత్రమే మారుస్తుంది. అందుకే ముందే ఉన్న యాప్స్ ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే సరిగ్గా ఆ ఫోన్ మోడల్, అదే బిల్డ్ నంబర్‌కు చెందిన బూట్ ఇమేజ్ వాడాలి. తప్పు ఫైల్ ఎక్కిస్తే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోతుంది. ‘ఒక్క క్లిక్‌తో రూట్’ అనే యాప్స్ జోలికి వెళ్లొద్దు. అవి ఫోన్‌లోని భద్రతా లోపాన్ని వాడుకుంటాయి. పూర్తి అధికారం ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు.

రూట్ చేశాక వచ్చే ఇబ్బందులు ఇవి:

* బ్యాంక్, యూపీఐ యాప్స్ ఫోన్ భద్రతను తనిఖీ చేస్తాయి. రూట్ అయిందని తెలిస్తే చాలా యాప్స్ తెరుచుకోవు.
* కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఫెయిల్ కావచ్చు.
* కొన్ని ఫోన్లలో ఓటీటీ వీడియోలు హెచ్‌డీలో రావు.
* శాంసంగ్ నాక్స్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లోపలి ఈ-ఫ్యూజ్ పడిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా అది మళ్లీ లేవదు. సెక్యూర్ ఫోల్డర్ శాశ్వతంగా పోతుంది.

వారంటీ సంగతేంటి?

ఆటోనగర్‌లో అందరికీ తెలిసిన మాటే.. కంపెనీ సీల్ ఊడదీసిన డీజిల్ పంపుకు వారంటీ అడగలేం. ఫోన్‌కూ అంతే. అనధికార సాఫ్ట్‌వేర్ మార్పులకు వారంటీ వర్తించదని చాలా కంపెనీలు కార్డులోనే రాస్తాయి. వాయిదాల మీద కొన్న ఫోన్ అయితే ఇంకో చిక్కు. ఫైనాన్స్ కంపెనీ లాక్ యాప్‌ను తీసేస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టే.

రూట్ చేయకుండానే, కేవలం యాప్స్ డిసేబుల్ చేశారన్న సాకుతో రిపేర్ నిరాకరిస్తే మాత్రం ఊరుకోనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు కొనుగోళ్లపై ఫిర్యాదుకు ఫీజు లేదు. 2 ఏళ్లలోపు వేయాలి. బిల్లు, జాబ్ షీట్ దాచుకోవాలి.

ఐఎంఈఐ మార్చితే జైలే

రూట్ చేసేటప్పుడు ఎవరైనా ఐఎంఈఐ కూడా మారుస్తామంటే ఒప్పుకోవద్దు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం దీనికి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. షాపులో ఫోన్ ఇచ్చే ముందు *#06# కొట్టి నంబర్ రాసుకోవాలి. తిరిగి తీసుకున్నాక అదే నంబర్ ఉందో లేదో చూసుకోవాలి.

మొత్తానికి రూట్, వారంటీ రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. వారంటీ ఉన్నన్నాళ్లు డిసేబుల్‌తో సరిపెట్టుకోవడం మంచిది. ప్రయోగాలు చేయాలనిపిస్తే వారంటీ తీరిన పాత ఫోన్ మీద చేయాలి. రోజూ డబ్బులు వచ్చే ఫోన్ మీద మాత్రం వద్దు.