అధ్రువ ద్రావణీకరణ శక్తి: జీవ అణువుల విషయంలో లెక్కింపు చరిత్ర

కామారెడ్డి మార్కెట్లో కొన్న బెల్లం ముక్కను నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. అదే నీళ్లలో నూనె చుక్క వేస్తే పైకి తేలుతుంది. ప్రోటీన్, డీఎన్ఏ వంటి జీవ అణువుల్లో బెల్లం లాంటి భాగాలూ ఉంటాయి, నూనె లాంటి భాగాలూ ఉంటాయి. అలాంటి అణువును శూన్యం నుంచి నీటిలోకి తెస్తే స్వేచ్ఛా శక్తిలో వచ్చే మార్పు ద్రావణీకరణ శక్తి. ఆ అణువులోని పరమాణువుల విద్యుదావేశాలన్నీ సున్నా అనుకున్నాక కూడా మిగిలే భాగమే అధ్రువ ద్రావణీకరణ శక్తి. ఇందులో ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు పద్దులు ఉన్నాయి. అణువు పట్టేంత ఖాళీని నీటిలో తొలవడానికి శక్తి ఖర్చవుతుంది. తొలిచిన చోట అణువు కుదురుకున్నాక చుట్టూ ఉన్న నీటికీ దానికీ మధ్య లండన్ ఆకర్షణ అనే బలహీన బలం వల్ల కొంత శక్తి తిరిగి వస్తుంది. రెండూ పెద్ద సంఖ్యలే, వాటి తేడా మాత్రం చిన్నది. ఆంబర్, ఏపీబీఎస్ వంటి సాఫ్ట్‌వేర్లు అధ్రువ శక్తిగా లెక్కగట్టేది ఈ చిన్న తేడానే. దాన్ని అణువు ఉపరితల వైశాల్యం ఒక్కదానితో సరిపెట్టవచ్చన్న నమ్మకం ఎలా బలపడిందో, ఎక్కడ వీగిపోయిందో చెప్పేదే ఈ విషయ చరిత్ర.

నూనె, నీరు కలవవని మనుషులు వంట నేర్చిన నాటి నుంచీ ఎరుగుదురు. ఆ సంగతి ప్రోటీన్ల శాస్త్రంలోకి స్థిరంగా వచ్చింది మాత్రం 1959లో. నీటికి దూరం జరిగే పక్క గొలుసులు లోపలికి చేరడం వల్లనే ప్రోటీన్ ముడుచుకుని నిలుస్తుందని వాల్టర్ కౌజ్‌మన్ ఆ ఏడాది వాదించాడు. 1971లో లీ, రిచర్డ్స్ 1.4 ఆంగ్‌స్ట్రాంల వ్యాసార్ధం గల నీటి గోళాన్ని ప్రోటీన్ మీద దొర్లిస్తున్నట్టు ఊహించి, నీటికి అందే ఉపరితలాన్ని కొలిచే మార్గం చూపారు. 1972లో హెర్మన్ హైడ్రోకార్బన్ల ద్రావణీయతకూ నీటిలో వాటికోసం తొలిచిన ఖాళీ ఉపరితలానికీ సంబంధం కలిపాడు. నీటికి దాగిన ప్రతి చదరపు ఆంగ్‌స్ట్రాంకు సుమారు 24 కేలరీల (ఇక్కడి శక్తులన్నీ ఒక్కో మోల్‌కు) లాభం ఉంటుందని 1974లో చోథియా లెక్క తేల్చాడు. క్లార్క్ స్టిల్ బృందం 1990లో ఇదే ఆలోచనను, విద్యుదావేశాల భాగాన్ని లెక్కించే జనరలైజ్డ్ బార్న్ పద్ధతికి జతచేసింది. ఆ తర్వాత వచ్చిన 1994 నాటి వ్యాసం అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది. అందులో సిట్‌కాఫ్, షార్ప్, హోనిగ్ వైశాల్యాన్ని 0.00542తో గుణించి 0.92 కలిపితే అధ్రువ శక్తి కిలో కేలరీలలో వస్తుందని చూపారు. 1998 నుంచి కోల్‌మన్ బృందమూ దాని సహచరులూ బంధన శక్తిని అంచనా వేయడానికి రూపొందించిన ఎంఎం-పీబీఎస్ఏ పద్ధతిలో ఈ సూత్రమే స్థిరపడింది. 2014లో ఢిల్లీ జేఎన్‌యూ నుంచి రష్మి కుమారి, రాజేంద్ర కుమార్, ఆండ్రూ లిన్ వెలువరించిన జీ-ఎంఎంపీబీఎస్ఏ అనే సాఫ్ట్‌వేర్‌లో కనబడే 0.02268, 3.849 కూడా అవే అంకెలు, కిలో జౌళ్లలోకి మార్చినవి. రెండు అంకెలతో ముగిసే సూత్రం కాబట్టి మామూలు డెస్క్‌టాప్ మీద కూడా నిమిషాల్లో తేలేది. అది అంతగా వ్యాపించడానికి ఈ సులువు గట్టి కారణం.

ఈ సూత్రానికి ఎదురు నిలిచే సాక్ష్యం చిన్న అణువుల్లోనే దొరుకుతుంది. మీథేన్‌ను నీటిలోకి తేవడానికి అయ్యే ఖర్చు సుమారు 2.0 కిలో కేలరీలు. అంతకన్నా ఎంతో పెద్దదైన ప్రొపేన్‌కూ దాదాపు అంతే. ఆరు కార్బన్ల హెక్సేన్‌కు 2.5 అయితే, అవే ఆరు కార్బన్లు ఉంగరంగా చుట్టుకున్న సైక్లోహెక్సేన్‌కు 1.2 మాత్రమే. ఈ చివరి రెండింటి ఉపరితలాల్లో ఇంత తేడా లేదు. ఉంగరంలో పరమాణువులు దగ్గరగా ఒదిగి ఉండటం వల్ల, తక్కువ ఖాళీ తొలిచినా నీటి ఆకర్షణ పెద్దగా తగ్గదు. వైశాల్యపు గుణకానికి ఈ సంగతి తెలియదు. నూనె, నీటి మధ్య తలతన్యతను ఇవే ప్రమాణాల్లోకి మారిస్తే చదరపు ఆంగ్‌స్ట్రాంకు సుమారు 72 కేలరీలు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది 5.4 (0.00542నే కేలరీలలో రాస్తే). కాబట్టి ఆ 5.4ను తలతన్యతగా చూడటం సరికాదు. అది ఖర్చులోంచి ఆకర్షణ తీసివేయగా చిన్న అణువుల్లో మిగిలిన శేషం. ప్రోటీన్ లోపల దాగిన పరమాణువుకు ఉపరితలం సున్నా, కానీ కొద్ది దూరంలో ఉన్న నీరు దాన్ని ఆకర్షిస్తూనే ఉంటుంది. లెవీ, గలికియో బృందం 2003లో ఈ ఆకర్షణను విడిగా లెక్కించాలని ప్రోటీన్ల మీదనే నిరూపించింది. 2006లో వాగనర్, బేకర్ ఘనపరిమాణపు పద్దు కూడా చేరిస్తేనే నీరు అణువు మీద చూపే బలాలు సరిగ్గా వస్తాయని చూపారు. ఈ రెండు పరిశోధనలూ ఈ రంగాన్ని నిజంగా ముందుకు నడిపాయి.

దీనికి వాడుకరులు చెప్పే జవాబు ఒకటుంది. ఔషధ పరిశోధనలో కావలసింది తేడాలే కదా, ఒకే ప్రోటీన్‌కు ఒకే పోలిక గల మందులను పోల్చినప్పుడు తప్పులు రద్దయిపోతాయి కదా అంటారు. పోలిక దగ్గరగా ఉన్నంత వరకు ఇందులో నిజం ఉంది. ఒక మందు అతుక్కున్నప్పుడు 500 చదరపు ఆంగ్‌స్ట్రాంల ఉపరితలం దాగిందనుకుందాం. 1994 గుణకంతో లాభం 2.7 కిలో కేలరీలు, చోథియా గుణకంతో 12. మొదటిది వాయువు నుంచి నీటిలోకి మారడాన్నీ, రెండోది నీటి నుంచి నూనె లాంటి చోటికి మారడాన్నీ కొలుస్తాయి కాబట్టి వాటిని నేరుగా తూచకూడదు. అయినా 25 డిగ్రీల వద్ద 1.36 కిలో కేలరీల తేడా బంధన స్థిరాంకాన్ని పదింతలు మార్చేస్తుందని గుర్తుంచుకుంటే, ఏ గుణకం దేనికి వర్తిస్తుందో తెలియకుండా వాడటం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. జీ-ఎంఎంపీబీఎస్ఏ రచయితలు వైశాల్యంతో పాటు ఘనపరిమాణం, లండన్ ఆకర్షణల నమూనాలను కూడా అందుబాటులో ఉంచడం మెచ్చదగిన పని.

ఉష్ణోగ్రత విషయంలో ఈ సూత్రపు లోపం కామారెడ్డికి దగ్గరి ఉదాహరణతోనే తెలుస్తుంది. ఆ పట్టణంలోని డెయిరీ టెక్నాలజీ కళాశాలలో చదువుకునే వారికి పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ సుపరిచితం. పాలను 4 డిగ్రీలకు చల్లారిస్తే బీటా కేసీన్‌లో కొంత భాగం తన గుంపును విడిచి నీటిలోకి వస్తుంది. పాలను గడ్డకట్టించే రెన్నెట్ కలిపినా చల్లటి పాలు గడ్డకట్టవు, వెచ్చబెట్టాకే కడతాయి. చలికి నూనె భాగాల కూడిక బలహీనపడటమే ఇందుకు ముఖ్య కారణం. 25 డిగ్రీల కొలతలకు సరిపెట్టిన 0.00542 మాత్రం చల్లటి పాలకూ వెచ్చటి పాలకూ ఒకే జవాబు ఇస్తుంది. మందులు పనిచేసేది శరీర ఉష్ణోగ్రతలో కాబట్టి ఇది పట్టించుకోనక్కరలేదని వాదించవచ్చు. ఆహార శాస్త్రానికి ఆ వాదన చెల్లదు.

తెలుగు నేలపై ఈ శాఖకు కేంద్రం హైదరాబాద్. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో గరికపాటి నరహరి శాస్త్రి బృందం అణువుల మధ్య బలహీన ఆకర్షణల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2011లో ఆయనకు భట్నాగర్ పురస్కారం లభించింది. తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్యుడైన యు. దేవ ప్రియకుమార్ 2009లో మెకరెల్, తిరుమలై, హ్యోన్‌లతో కలిసి, యూరియా ఆర్ఎన్ఏ మడతలను ఎలా విప్పుతుందో సిమ్యులేషన్లతో చూపారు. రైతు వరి చేలో చల్లే యూరియానే ఇదీ. దాని అణువు ఆర్ఎన్ఏ క్షారాలతో హైడ్రోజన్ బంధాలు కట్టడమే కాక, వాటి మీద పలకలా పేర్చుకుంటుంది. వైశాల్యపు సూత్రం ఒక్కటే చేతిలో ఉంటే ఈ పేర్పు కనబడేది కాదు. 2020లో ట్రిపుల్ ఐటీ నుంచే యశస్వి పాఠక్, సిద్ధార్థ లఘువరపు, సర్వేష్ మెహతా, ప్రియకుమార్ మరో దారి తొక్కారు. ద్రావితాన్నీ ద్రావణినీ రెండు గ్రాఫులుగా రాసి, ఏ పరమాణువు దేనితో ఎంత ముడిపడిందో నేర్చుకునే యంత్ర నమూనాను వారు నిర్మించారు. అది మిన్నెసోటా కొలతల సంపుటి నుంచి నేర్చుకుని ద్రావణీకరణ శక్తిని అంచనా వేస్తుంది, గుణకాల అవసరమే ఉండదు. అయితే అది ఇచ్చేది మొత్తం శక్తిని. అధ్రువ భాగం అందులో విడిగా కనిపించదు. పైగా అది నేర్చుకున్నవి చిన్న అణువులు, ప్రోటీన్లు కావు.