గాలిబ్ ఖత్‌లు: హిజ్ర్‌లో వస్ల్

మా ఉర్దూ మీడియం బడిలో ఖత్ రాయడమంటే సగం పేజీ అల్ఖాబ్‌లతోనే నిండేది. సలాములు, దువాలు, ఖైరియత్‌లు అయ్యి అసలు సంగతికొచ్చేసరికి కాగితం అయిపోయేది. తర్వాతి పాఠంలో మీర్జా గాలిబ్ (1797-1869) ఖత్ వచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషిని పలకరించినట్టే మాట మొదలైంది. "ఇట్లా కూడా రాయొచ్చా ఉస్తాద్?" అని అడిగాను. "మొహబ్బత్ ఉన్నోడు రాయొచ్చు" అన్నారాయన.

గాలిబ్ మొదట్లో ఫార్సీలోనే ఖత్‌లు రాసేవాడు. షరీఫుల రివాజు అది. దాదాపు 1850 నాటికి ఉర్దూకి మళ్లాడు. 1854లో హిందుస్తాన్ అంతటా, ఎంత దూరమైనా సరే, పావు తులం ఖత్‌కి అర్ధణా డాక్ ఖర్చని ఖాయమైంది. బల్లీమారాన్‌లో కూర్చున్న షాయర్ గుమ్మం దాకా దూరపు దోస్తులు వచ్చినట్టయింది.

మూడేళ్లకే 1857. ఇంగ్లీషు ఫౌజ్ ఢిల్లీని తిరిగి పట్టుకుని జనాన్ని షహర్ బయటికి తరిమింది. హిందువుల్ని ముందు రానిచ్చింది, ముసల్మానుల్ని చాలాకాలం ఆపింది. ఆ అక్టోబరులోనే గాలిబ్ తమ్ముడు మీర్జా యూసుఫ్ చనిపోయాడు. దోస్తులు చెల్లాచెదురయ్యారు. మహెఫిల్ పోయింది, ఖతే మహెఫిల్ అయింది.

మురాసలాని ముకాలమా చేశాను, అంటే ఉత్తరాన్ని ముచ్చట చేశాను అని హాతిమ్ అలీ మెహర్‌కి రాశాడు గాలిబ్. హిజ్ర్‌లోనే వస్ల్ మజా తీసుకోమన్నాడు. ఎడబాటు, కలయిక. రెండూ ఇష్క్ మాటలే. మాట్లాడుకోవడమంటే రెండు దిల్‌లు ఒకటైపోవడమే అనే పాత ఆశ అందులో ఉంది.

కానీ ఆయన ఖత్‌లలో ఎవరూ ఎవరిలోనూ కలిసిపోరు. జవాబు ఆలస్యమైతే అలుగుతాడు. పెన్షన్ గోడు వెళ్లబోసుకుంటాడు. హిందూ షాగిర్ద్ హర్‌గోపాల్‌ని 'మీర్జా తఫ్తా' అని పిలుస్తూనే అతని షేర్లు దిద్దుతాడు. అవతలివాడు అవతలే ఉంటాడు. అతనికి చోటిచ్చి మాట్లాడటమే అక్కడి మొహబ్బత్.

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అబ్బాజాన్ సౌదీ నుంచి అమ్మీకి రాసిన ఖత్‌లు అందులో ఉన్నాయి. నేను తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులో రాసి బతుకుతున్నా. నా పిల్లలకి ఆ లిపి రాదు. మొన్న మా అమ్మాయి ఒక ఖత్ తెచ్చి "దాదా ఏం రాశారు, అబ్బా?" అంది. విప్పితే సగం పేజీ సలాములే. బడిలో వీటినే కదా ఖాళీ మాటలనుకున్నాను! ఎడారిలో ఒక మనిషి ఇంట్లో ఒక్కొక్కర్నీ పేరుపేరునా తలుచుకున్నాడు. పక్కింటి ముసలమ్మని కూడా మరవలేదు. ఒక్క సలాం కూడా వదలకుండా బిడ్డకి తెలుగులో చదివి వినిపించాను.