జేబుచాకుల ఖ్యాతి: ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ నుండి ఒక పరిశీలన

ఖరగ్‌పూర్ పేరులోనే ఖడ్గం ఉంది. ఇందాలోని ఖడ్గేశ్వరాలయం వల్ల ఆ పేరు కలిగిందని కొందరు, ఖడ్గమల్లుడనే రాజు వల్ల కలిగిందని మరికొందరు చెబుతారు. అయితే ఆ పట్టణంలో స్థిరపడిన తెలుగువారికి ఖడ్గంతో పని లేదు. వారికి పనిబడినది చాకు. పెన్సిలు చెక్కడానికి, పొగాకు కాడ కోయడానికి, మూట కట్టిన పురికొస తెంచడానికి, వేసవిలో మామిడికాయ కోయడానికి జేబులో మడిచిపెట్టుకొనే చిన్న చాకు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల వసారాలలో పెద్దలు పొద్దుపోయేదాకా వాదించుకోగా నేను విన్న విషయాలలో ఇది ఒకటి: ఏ చాకు తన పేరుకు తగినది, ఏది కాదు?

ఈ వాదానికి ఆ వసారాలు తగిన చోట్లే. తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఖరగ్‌పూర్‌కు వలస సుగమమైంది. ఆ కంపెనీ 1944లో ప్రభుత్వపరమై, 1955లో ఆగ్నేయ రైల్వేగా రూపొందింది. తరాలు మారినా, కార్ఖానాలో కొలిమి, ఆకురాయి, సానరాయి మధ్య పనిచేసినవారి ఇళ్లలో ఉక్కును గూర్చిన తీర్పు అంత సులభంగా మారలేదు. కాల్చిన ఉక్కు గడ్డిపరక రంగులో ఉన్నప్పుడు ముంచితే ఒక గుణం, నీలిరంగు తిరిగిన తరువాత ముంచితే మరొక గుణం అని ఎరిగినవారికి పిడిమీది ముద్ర చూపి మెప్పించడం కష్టం.

వాదంలో మొదటి పేరు ఎప్పుడూ రాడ్జర్స్‌దే. షెఫీల్డ్ నగరంలో నార్‌ఫోక్ వీధి ఆరవ నంబరు ఇంటి చిరునామాతో, నక్షత్రం, మాల్టా శిలువ గుర్తులతో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ చాకులు బ్రిటిషు సామ్రాజ్యమంతటా వ్యాపించాయి. 1822లో నాల్గవ జార్జి రాజు ఆదరణ ఆ సంస్థకు లభించింది. 1851 లండన్ మహాప్రదర్శనలో 75 అలుగులు గల ఒక బ్రహ్మాండమైన కత్తిని నిలిపి అది లోకాన్ని అబ్బురపరిచింది. ఆ కత్తితో ఎవరూ ఏమీ కోయలేదు. కోయవలసిన అవసరమూ లేదు. ఖ్యాతికి ఆ మాత్రం చాలు.

ఆ ఖ్యాతి అబద్ధమని మాత్రం అనలేము. షెఫీల్డ్ పనివారు మూసలో కరిగించిన ఉక్కును వాడి, మడత గట్టిగా కూర్చుండేలా స్ప్రింగును అమర్చడంలో ఆరితేరినవారు. పిడులకు వారు వాడిన కణుజు కొమ్ము మన దేశపు అడవుల నుండే ఓడలెక్కి, తిరిగి చాకుగా మన బజారుకు వచ్చేది. చిక్కు మరొకచోట ఉంది. పేరు పెరిగిన కొద్దీ దానిని అరువు తెచ్చుకొనేవారూ పెరిగారు. జర్మనీ నుండి వచ్చే చవక సరకుపై షెఫీల్డ్ ముద్రలు కనిపించడం బ్రిటన్‌లో 1887 సరకు ముద్రల చట్టానికి ఒక ప్రధాన కారణం. 1889లో మన దేశానికీ అటువంటి చట్టం వచ్చింది. 1924లో అదే ఇంటిపేరు గల మరొక సంస్థ మీద రాడ్జర్స్ కంపెనీ న్యాయస్థానానికి వెళ్లింది. సొంత పేరే అయినా, పరుల సరకని భ్రమ కలిగేలా వస్తువుపై వేసుకొనే హక్కు లేదని ఆ వ్యాజ్యంలో తేలింది. కనుక రాడ్జర్స్ పేరు గల చాకు మొద్దుబారిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ముందుగా అది ఏ రాడ్జర్స్ అని అడగడం న్యాయం.

నిజమైన రాడ్జర్స్‌కూ బెంగాలు వానాకాలం పరీక్షే. పాత కర్బన ఉక్కు వాదరను చక్కగా నిలుపుకొంటుంది గాని తడిగాలిలో త్వరగా తుప్పు పడుతుంది. దీనికి మందు కూడా షెఫీల్డ్‌లోనే దొరికింది. 1913లో హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. దానితో చేసిన తొలి కత్తులను చూసి, తెగని కత్తిని కనిపెట్టినవాడని ఆ ఊరివారే ఆయనను ఎగతాళి చేశారు. లోపం ఉక్కులో కాక దానిని పదునుపెట్టే తీరులో ఉందని గ్రహించడానికి వారికి కొంతకాలం పట్టింది.

సరిగ్గా ఇదే కథ అంతకు ముందు శతాబ్దంలో మన ఉక్కు విషయంలో జరిగింది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. 1820ల నాటికి కూడా ఇస్ఫహాన్ వర్తకుడొకడు అక్కడ ఉండడం హెన్రీ వాయిసీ కళ్లారా చూశాడు. వేర్వేరు చోట్ల ఇనుమును పాలు చూసి కలిపి, మూసలలో కరిగించే ఆ పద్ధతిని ఆయన వర్ణించగా, అది ఆయన మరణానంతరం 1832లో కలకత్తాలో అచ్చయింది. 1794లో బొంబాయి నుండి ఇటువంటి ఉక్కు ముద్దలు లండన్ చేరాయి. మరుసటి ఏడాది జార్జి పియర్సన్ వాటిని పరిశోధించి రాయల్ సొసైటీకి నివేదించాడు. అందులో కర్బనం ఎక్కువ. సాధారణ ఇనుమును కాల్చినట్లు తెల్లగా కాల్చి సుత్తితో కొడితే అది పొడిపొడిగా రాలిపోతుంది. ఈ కారణంగా కొందరు ఐరోపా కమ్మరులు దానిని పనికిరానిదన్నారు. లండన్ కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ మాత్రం మసక ఎరుపు వేడి దాటనివ్వకుండా సాగగొట్టి, దానితో ఒక కలంచాకు చేశాడు. పగులు లేదు, వాదర శ్రేష్ఠం. ఆ తరువాత ఆయన తన వ్యాపార పత్రంలోనే ఈ భారతీయ ఉక్కును మెచ్చుకొన్నాడు.

లోకం ఆ ఉక్కును వూట్జ్ అన్నది. ఆ మాట మన ఉక్కు శబ్దానికి వికృతి అని పండితులు తరచుగా చెప్పే మాట. దానితో పశ్చిమాసియాలో చేసిన కత్తులకు డమాస్కస్ పేరు స్థిరపడింది. కోనసముద్రం అమ్మినది ప్రధానంగా ముద్దలను; వాటిని కత్తులుగా మలచి ముద్ర వేసినవారు వేరు. తెలుగునేలకు ఉక్కు ఉండి కూడా లోకప్రసిద్ధమైన చాకు పేరు ఒక్కటీ లేకపోవడానికి ఇది చాలామటుకు కారణమని నా అభిప్రాయం. హస్తకళల జాబితాలు తయారుచేసే అధికారులు వస్తువుతోపాటు దాని ముడిసరకు పుట్టిన ఊరిని కూడా నమోదు చేస్తే బాగుంటుంది.

ఇక రాంపురీ. దాని ఖ్యాతి అంతా హిందీ చలనచిత్రాలు పెట్టిన భిక్ష. తెరమీద టక్కున తెరుచుకొన్న పొడుగాటి అలుగును చూసిన కుర్రవాళ్లు అంతకు మించిన చాకు లేదనుకొన్నారు. నిజానికి రాంపూర్ పనివారి నైపుణ్యం మడతలో, స్ప్రింగులో, పిడిమీది ఇత్తడి పనిలో ఉంది. పొడుగాటి సన్నని అలుగు పండు కోయడానికి ఎక్కువ, పుల్ల చెక్కడానికి అసౌకర్యం. తొమ్మిది అంగుళాలు మించిన అలుగును 1962 ఆయుధ నియమావళి ఆయుధాల పట్టికలో చేర్చింది. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన చాకుల తయారీని నిషేధించడంతో ఆ వృత్తి చితికిపోయింది. చేయని నేరానికి చేతిపనివారు శిక్ష అనుభవించారనిపిస్తుంది. 2023లో అదే రాంపూర్‌లో ఒక కూడలిలో 20 అడుగుల చాకును స్మారకంగా నిలిపారు. షెఫీల్డ్ వారి 75 అలుగుల కత్తిలాగే దానితోనూ ఏమీ కోయలేము.

స్విస్ సైనికుల చాకును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1891లో ఆ సైన్యానికి అందిన తొలి చాకులు జర్మనీలోని జోలింగెన్‌లో తయారైనవని తెలిస్తే దాని అభిమానులు చిన్నబుచ్చుకొంటారు. కార్ల్ ఎల్సెనర్ 1897లో రూపొందించిన అధికారుల చాకు అనేక పనిముట్ల పెట్టెగా గొప్పదే. అయితే దాని ఉక్కు కొంత మెత్తన. త్వరగా మొద్దుబారుతుంది, త్వరగానే సానకు లొంగుతుంది. ఇంటి వాడుకకు ఇది దోషమా, గుణమా అన్నచోట న్యూ సెటిల్‌మెంట్ వాదులు రెండుగా చీలిపోయేవారు. నేను రెండవ పక్షం.

బెంగాలులోనే బర్ద్వాన్ పక్కనున్న కాంచన్‌నగర్ చాకులకు, కత్తెరలకు ఒకప్పుడు మంచి పేరుండేది. వాటి ప్రతిష్ఠ ఆ రాష్ట్రపు ఎల్లలు దాటి పెద్దగా రాలేదు గనుక, పేరుకు తగలేదన్న నింద కూడా వాటికి తప్పింది.

ఈ పేర్లన్నింటి వెనుక పేరులేని చాకు ఒకటుంది. అరిగి విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కను సానరాతిపై అరగదీసి, పళ్ల వైపు చదును చేసి, రెండు చెక్కముక్కల నడుమ సీల దించి చేసుకొన్నది. మామూలు కర్బన ఉక్కు బ్లేడైతే అరగదీసేటప్పుడు మాటిమాటికి నీళ్లలో ముంచాలి. నీలిరంగు తిరిగిందా, పదును పోయినట్లే. హైస్పీడ్ ఉక్కు బ్లేడైతే ఆ భయం తక్కువ, ఆకురాయికి లొంగదు, వాదర నెలల తరబడి నిలుస్తుంది. కాని కిందపడితే గాజుముక్కలా విరుగుతుంది. దాని మొన విరిగినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. మిగిలిన ముక్కకు మళ్లీ సానపట్టి, కాస్త పొట్టి చాకుగా జేబులో వేసుకొని వెళ్లిపోయేవారు.