24 డాలర్ల 20 సెంట్ల కూలీ చెక్కు



ఆఫీసులో జీతాల చెక్కులు కవర్లలో పెట్టి పేర్లు రాసే పని నాది. చెక్కులిచ్చే రోజు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "అన్నా, మా రూమ్మేట్ డ్యూటీలో ఉన్నాడు, వాడి చెక్కు నేను మార్చుకోవచ్చా?" ఇంకొకరు "నాకు బ్యాంకు ఖాతా లేదు. మేస్త్రీ తన ఖాతాలో వేసుకుని డబ్బులిస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా?" అంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పలేని ప్రశ్న ఇది. దీని వెనక మనలాంటి ఒక కూలీ మనిషి కథ ఉంది. ముందు అది చెబుతాను.

పెన్సిల్వేనియాలో జరిగింది

1929 తర్వాత వచ్చిన మహా మాంద్యంలో అమెరికాలో లక్షల మందికి పని పోయింది. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1935లో వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ పెట్టి రోడ్లు, వంతెనలు, బడులు కట్టించి కూలి ఇచ్చింది. మన దగ్గరి ఉపాధి హామీ పని లాంటిదనుకోండి.

ఆ పని చేసిన ఒక కూలీకి 1936 ఏప్రిల్ 28న 24 డాలర్ల 20 సెంట్లకు ప్రభుత్వ చెక్కు రాశారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మాకీవిల్ అనే ఊళ్లో ఉన్న అతని చిరునామాకు పోస్టులో పంపారు. చెక్కు అతనికి చేరలేదు. ఎవరో దాన్ని చేజిక్కించుకున్నాడు. క్లియర్‌ఫీల్డ్ పట్టణంలోని జె.సి. పెన్నీ దుకాణానికి వెళ్లి, ఆ కూలీని నేనేనని నమ్మించాడు. చెక్కు వెనక అతని పేరుతో సంతకం పెట్టి, కొంత సరుకు, కొంత నగదు తీసుకుని వెళ్లిపోయాడు. దుకాణం ఆ చెక్కును క్లియర్‌ఫీల్డ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు ఇచ్చింది. బ్యాంకు "వెనక ఉన్న సంతకాలకు మాది పూచీ" అని రాసి ప్రభుత్వం నుంచి డబ్బు వసూలు చేసింది. దుకాణానికి గాని, బ్యాంకుకు గాని మోసం సంగతి తెలియదు.

ఆ కూలీ ఊరుకోలేదు. మే 10 లోపే టైమ్‌కీపర్‌కీ, ఫోర్‌మేన్‌కీ "నా చెక్కు నాకు రాలేదు" అని చెప్పాడు. నవంబరు 30న "ఆ సంతకం నాది కాదు" అని అఫిడవిట్ ఇచ్చాడు. ఆలస్యమంతా ఆఫీసులదే. మోసం జరిగిందని బ్యాంకుకు మొదటిసారి తెలిపింది 1937 జనవరి 12న. డబ్బు తిరిగి ఇమ్మని అడిగింది ఆగస్టు 31న. 1939లో ప్రభుత్వం కోర్టుకెక్కింది.

కింది కోర్టు పెన్సిల్వేనియా చట్టం చూసి, ఇంత ఆలస్యంగా చెప్పారు కాబట్టి ప్రభుత్వానికి డబ్బు రాదంది. పై కోర్టు దాన్ని తిరగరాసింది. చివరికి 1943 మార్చి 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ విలియం డగ్లస్. ప్రభుత్వ చెక్కులకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం కాదు, దేశమంతటికీ ఒకటే ఫెడరల్ చట్టం వర్తిస్తుందన్నారు. ఆలస్యం వల్ల తనకు నష్టం జరిగిందని బ్యాంకు చూపించలేకపోయింది కాబట్టి, పూచీ రాసిన బ్యాంకే డబ్బు కట్టాలన్నారు. 24 డాలర్ల కూలీ చెక్కు మీద పుట్టిన ఈ తీర్పును నేటికీ అమెరికా లా కాలేజీల్లో చదువుతారు.

చట్టం ఎలా వచ్చింది

"ఫలానావారికి గాని, వారు చెప్పినవారికి గాని ఇవ్వండి" అనే మాట మీదే చెక్కు నడుస్తుంది. మన షావుకార్ల హుండీల్లోనూ ఇలాంటి పద్ధతే ఉండేది. ఇండియాలో దీనికి 1881లో చట్టం వచ్చింది. అమెరికాలో రాష్ట్రానికో తీరుగా ఉన్నదాన్ని ఒక దారికి తేవాలని 1896లో ఒక నమూనా చట్టం తయారు చేశారు. దాని తర్వాత 1952లో వచ్చిందే యూనిఫాం కమర్షియల్ కోడ్. దాన్ని 1953లో మొట్టమొదట ఆమోదించిన రాష్ట్రం, మన కూలీ చెక్కు పోయిన పెన్సిల్వేనియానే.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు

చెక్కు ఎవరి పేరున ఉందో ఆయన ఇష్టపూర్వకంగా వెనక సంతకం చేసి, "ఫలానావారికి ఇవ్వండి" అని రాసి ఇస్తే, ఆ రెండో మనిషి దాన్ని మార్చుకోవడం నేరం కాదు. అయితే అలాంటి చెక్కు తీసుకుని తీరాలని బ్యాంకుకు బలవంతం లేదు. చాలా బ్యాంకులు తీసుకోవు, లేదా ఇద్దరినీ రమ్మంటాయి. రూమ్మేట్‌కు చెప్పకుండా అతని పేరు మనం రాస్తే మాత్రం అది ఫోర్జరీ. "తర్వాత డబ్బులిచ్చేశాను కదా" అంటే తప్పు పోదు. ప్రభుత్వ ట్రెజరీ చెక్కు మీద మోసానికి దొంగ సంతకం పెడితే ఫెడరల్ చట్టం కింద 10 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. చెక్కు 1,000 డాలర్లు దాటకపోతే ఏడాది వరకు.

వెనక ఉత్త సంతకం ఒక్కటే పెట్టిన చెక్కు నోటుతో సమానం. జేబులోంచి జారితే దొరికినవాడు మార్చుకోగలడు. అందుకే బ్యాంకు కౌంటరు ముందుకు వెళ్లేదాకా సంతకం పెట్టకండి. మన ఊళ్లో చెక్కు మూలన రెండు గీతలు గీస్తే నగదు ఇవ్వరు, ఖాతాలోనే వేస్తారు. అమెరికాలో ఆ గీతల పద్ధతి లేదు. ఇక్కడ దాని బదులు వెనక "ఫర్ డిపాజిట్ ఓన్లీ" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెడతారు.

మీ చేతికి రాకముందే చెక్కు పోతే, మీ కూలి బాకీ తీరినట్టు కాదు. అది ఇంకా యజమాని మీదే ఉంటుంది. చేతికి వచ్చాక పోయి, ఎవరైనా దొంగ సంతకంతో మార్చుకుంటే, దానికి డబ్బిచ్చిన బ్యాంకును అడగవచ్చు. ఆ దావాకు సాధారణంగా 3 ఏళ్ల గడువు. రెండింట్లోనూ మీరు ఆలస్యం చేయకూడదు.

మేస్త్రీకి చెక్కు ఇవ్వమని గాని, వద్దని గాని నేను ఆజ్ఞ వేయలేను. ఒక్కటి చెబుతాను. ఇస్తే అతని పేరు రాసి ఇవ్వండి, చెక్కు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి, డబ్బు చేతికి అందాకే అక్కణ్ణుంచి కదలండి. అంతకన్నా మంచిది మీ పేరున ఒక ఖాతా. పాస్‌పోర్టు చూసి ఖాతా తెరిచే బ్యాంకులు ఇక్కడ ఉన్నాయి.

చెక్కు రాకపోతే మాకీవిల్ కూలీని తలుచుకోండి. అతను ముందు ఫోర్‌మేన్‌కు చెప్పాడు, తర్వాత కాగితం మీద రాసి ఇచ్చాడు. నోటి మాటతో ఆగకుండా తేదీ వేసి రాసివ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. కవర్లు రాసే గుమస్తాగా చెబుతున్నాను, ఆఫీసులో కదిలేది కాగితమే.