రంగుకు ముందు తెలుపు

16వ శతాబ్దపు వెనిస్‌లో ఎండ మాడ్చే వేళ ఆడవాళ్లు ఇంటి కప్పు మీదకెక్కేవారు. అక్కడ ఆల్తానా అనే చెక్క మంచె ఉండేది. తలకు సొలానా అనే గడ్డి టోపీ. దానికి నడినెత్తిన కప్పు ఉండదు, చుట్టూ వెడల్పాటి అంచు మాత్రమే. జుట్టును పైకి లాగి ఆ అంచు మీద పరిస్తే ఎండంతా జుట్టుకు, నీడంతా మొహానికి. కర్రకు కట్టిన స్పాంజితో మందునీళ్లు అద్దడం, ఆరనివ్వడం, మళ్లీ అద్దడం. చిత్రకారుడు టిషియన్ బంధువు చెజారె వెచెల్లియో 1590లో అచ్చువేసిన వేషధారణల పుస్తకంలో ఈ తతంగమంతా బొమ్మతో సహా ఉంది. మందునీళ్ల తయారీకి అంతకుముందే, 1562లో, జొవాన్ని మారినెల్లో చిట్కాల పుస్తకం రాసిపెట్టాడు. ఇంత శ్రమా బంగారు రంగు జుట్టు కోసం.

రోమన్లకూ ఈ పిచ్చి ఉండేది. ప్రియురాలు రంగులు పూసీ పూసీ జుట్టు ఊడగొట్టుకుందని, వద్దంటే విన్నావా అని కవి ఓవిడ్ ఒక పద్యమంతా సణిగాడు. ఇకపై జర్మన్ బందీల జుట్టు అరువు తెచ్చుకోవాల్సిందేనని దెప్పాడు కూడా.

ఎండ అవసరం తీరిపోవడానికి రసాయనశాస్త్రం కదలాల్సి వచ్చింది. 1818లో పారిస్‌లో లూయీ జాక్ తెనార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేశాడు. అది జుట్టు దాకా రావడానికి మాత్రం దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1867 పారిస్ ప్రదర్శనలో లండన్ రసాయన వ్యాపారి తియెల్లే, పారిస్ క్షురకుడు యూగో కలిసి దాని మహిమ చూపించారు. అప్పటి నుంచి బంగారు జుట్టు సీసాలో దొరికే సరుకైంది.

హాలీవుడ్ దాన్ని వెర్రిగా మార్చింది. 1931లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ప్లాటినం బ్లాండ్’ సినిమాతో నటి జీన్ హార్లో జుట్టు అమెరికా అంతటికీ కొలబద్ద అయింది. ఆ ఛాయను అచ్చంగా తెచ్చిన క్షురకుడికి 10,000 డాలర్లు ఇస్తామని నిర్మాత హోవర్డ్ హ్యూస్ ప్రచార బృందం ప్రకటించింది. పెరాక్సైడ్, అమోనియాలతో పాటు బట్టల బ్లీచ్, సబ్బు తురుము కూడా కలిపి ఆమె తలకు పట్టించేవాళ్లమని ఆమె క్షురకుడు చెప్పాడు. అమోనియా, బట్టల బ్లీచ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. చివరికి ఆ జుట్టు పాడై హార్లో విగ్గు పెట్టుకోవాల్సి వచ్చింది. 1950లో క్లెయిరోల్ కంపెనీ రంగు పోగొట్టడాన్నీ, కొత్త రంగు వేయడాన్నీ ఒకే పనిగా కలిపేసింది.

ఇంతవరకూ జరిగిన కథలో జుట్టు వెలిసిపోతే పని ముగిసినట్టే. పసిడి రంగే అందరి గమ్యం. పంక్ సంగీతం వెంటపడ్డ కుర్రకారు దాన్ని తలకిందులు చేసింది. 1977లో న్యూయార్క్‌లోని సెయింట్ మార్క్స్ ప్లేస్‌లో టిష్, స్నూకీ బెలోమో అనే అక్కచెల్లెళ్లు మానిక్ ప్యానిక్ దుకాణం తెరిచారు. ఆ పేరుతోనే నీలం, ఆకుపచ్చ, ఊదా, గులాబీ రంగులు వచ్చాయి. వాళ్లు అంతకుముందు బ్లాండీ బృందానికి వెనక పాటలు పాడినవాళ్లే. ఆ బృందం గాయని డెబీ హ్యారీ జుట్టుకు బ్లీచ్ తానే పెట్టుకునేది. తల వెనక్కి చేయి సరిగా అందక అక్కడ నలుపు మిగిలిపోయేది, ఆమె అలాగే వేదికెక్కేది. పార్లర్‌లో అయితే తప్పు, ఇంట్లో అయితే స్టైలు!

ఈ కొత్త రంగులకు ముందు బ్లీచ్ ఎందుకంటే, అవి జుట్టులోని నలుపును తీయవు. పై పొరలో అంటుకుని నిలుస్తాయంతే. నల్ల పలక మీద నీలం పెన్సిల్‌తో రాసినా కనపడనట్టే, నల్ల జుట్టు మీద నీలం కనపడదు. అందుకని ముందు నలుపునిచ్చే మెలనిన్‌ను విరగ్గొట్టాలి. క్షారం వెంట్రుక పొలుసుల్ని తెరిస్తే పెరాక్సైడ్, పెర్‌సల్ఫేట్ పొడి లోపలికెళ్లి ఆ పని చేస్తాయి. అయితే నలుపు ఒక్కసారిగా తెల్లబడదు. ఇటుకెరుపు, నారింజ, పసుపు మెట్లు దిగుతూ వస్తుంది. పసుపు దగ్గరే ఆపి నీలం వేస్తే ఆకుపచ్చ తేలుతుంది. పెరాక్సైడ్ ఉండే డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 40 అంటే 12 శాతం. తొందరపడి పెద్ద అంకె తెచ్చి తలకు పూస్తే చర్మం మండుతుంది, వెంట్రుక సాగి తెగుతుంది.

నలుపు పోతేనే రంగు తేలుతుందన్న ఈ సూత్రం తెలుగిళ్లలో తాతల తల మీదే కనిపిస్తుంది. గోరింటాకు పెట్టుకున్న నెరిసిన జుట్టు నిప్పులా ఎర్రబడుతుంది, పక్కనున్న నల్ల వెంట్రుక ఎండలో కొంచెం రాగి ఛాయ కొడుతుందంతే. నెరిసిన వెంట్రుకలో నలుపు ముందే పోయింది మరి. ఊదా జుట్టు కోసం కాలేజీ పిల్ల రెండు విడతలు బ్లీచ్ పెట్టుకుని సాధించేది తాతయ్యకు ఉచితంగా దక్కిందే. ఇద్దరికీ తేడా తర్వాత బయటపడుతుంది. ఆ ఊదా కొన్ని వారాల్లో తల స్నానాలకు కరిగి కింది పసుపు తేలుతుంది, నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున మొదళ్లలో నలుపు దిగుతుంది. అప్పుడు మళ్లీ బ్లీచ్ గిన్నె తీయాలి, ఈసారి మొదళ్లకు మాత్రమే. పాత భాగానికి మళ్లీ తగిలిందంటే అక్కడే తెగుతుంది.